ఇంటిపేరు ఒక్కటే వంశం చెప్పదు

మన ఇంటిపేర్లలో చాలావాటి వెనక ఒక ఊరుంటుంది. ఐర్లండ్‌కు వలస వచ్చిన కుటుంబం పేరు వెనక మాత్రం సముద్ర ప్రయాణాలు, మారిన భాషలు, ఇరుగుపొరుగు పెట్టిన పిలుపులు ఉంటాయి. పేరొక్కటే పట్టుకుని పూర్వీకులను వెతికితే దారి తప్పేది అందుకే.

అపోహ: పేరు ఇంగ్లిషుదైతే కుటుంబం ఇంగ్లండ్ నుంచి వచ్చినట్టే.
వాస్తవం: కావన్ కౌంటీ స్మిత్‌లలో చాలామంది అసలు పేరు 'మెక్ గవన్'. ఐరిష్ భాషలో కమ్మరి కొడుకు అని అర్థం. ఇంగ్లిషు పాలనలో అది స్మిత్‌గా మారింది. పక్క కౌంటీలోని మరో స్మిత్ కుటుంబం 1609 తర్వాత ఉత్తర ఐర్లండ్ ప్రాంతమైన అల్‌స్టర్‌లో భూములు పొందిన బ్రిటన్ వలసదారులదీ కావచ్చు.

అపోహ: 'ఫిట్జ్' ఉంటే నార్మన్ (ఉత్తర ఫ్రాన్స్ మూలాల) వంశమే, పైగా అక్రమ సంతానానికి గుర్తు.
వాస్తవం: ఫిట్జ్ అంటే పాత ఫ్రెంచిలో కొడుకు, అంతే. ఫిట్జ్‌జెరాల్డ్ అంటే జెరాల్డ్ కొడుకు, వారు నార్మన్లే. ఫిట్జ్‌పాట్రిక్‌లు మాత్రం ఐరిష్ వంశంవారు. 16వ శతాబ్దంలో 'మెక్ గిల్లా ఫాద్రిగ్' అనే తమ పేరుకు ఆ రూపం ఇచ్చుకున్నారు.

అపోహ: వలస వచ్చినవారు ఎన్నటికీ పరాయివారుగానే మిగిలారు.
వాస్తవం: 1169లో మొదలైన నార్మన్ దండయాత్రలతో వేల్స్ మనుషులూ వచ్చారు. స్థానికులు వారిని 'బ్రానఖ్', అంటే వేల్స్ వాడు, అన్నారు. అదే నేటి వాల్ష్, ఐర్లండ్‌లో అత్యంత సాధారణమైన పేర్లలో ఒకటి. నార్మన్లైన 'డి బర్గ్'లు బర్క్‌లై, ఐరిష్ భాషనూ ఆచారాలనూ తమవి చేసుకున్నారు.

అపోహ: పేరు సూచించే దేశమే కుటుంబం బయల్దేరిన చోటు.
వాస్తవం: లిమరిక్ కౌంటీలోని రాత్‌కీల్ ప్రాంతపు స్విట్జర్‌లనే చూడండి. ఆ పేరుకు స్విట్జర్లండ్ వాడని అర్థం. కానీ వారు 1709లో రైన్ నది తీరపు పాలటినేట్ నుంచి, లండన్ మీదుగా వచ్చిన జర్మన్ శరణార్థుల సంతతి. పేరు చెప్పేది అంతకుముందెప్పుడో జరిగిన మరో వలసను.

అపోహ: 1922లో రికార్డులన్నీ కాలిపోయాయి, ఇక వెతికి లాభం లేదు.
వాస్తవం: డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ న్యాయస్థానాల ఆవరణలో జరిగిన ఆ నష్టం నిజంగా ఘోరం. అయినా 1901, 1911 జనగణనలు పూర్తిగా ఉన్నాయి, ఉచితంగా చూడొచ్చు. 1864 నుంచి జనన, మరణ, వివాహ నమోదులు, 1847-64 మధ్య జరిగిన గ్రిఫిత్ భూమి మదింపు, 1708 నుంచి దస్తావేజుల రిజిస్ట్రీ మిగిలాయి.

అపోహ: ప్రతి ఇంటిపేరుకూ ఒక వంశచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) ఉంటుంది.
వాస్తవం: ఆ చిహ్నాలు ఇచ్చింది వ్యక్తులకు, వారి వారసులకు. పేరు కలిసినంత మాత్రాన హక్కు రాదు.

కాబట్టి వెతుకులాట తాతల నుంచి మొదలుపెట్టి, ఒక్కో తరం వెనక్కి వెళ్లాలి. ఐర్లండ్‌లో 'టౌన్‌ల్యాండ్' అనే చిన్న భూవిభాగాలు 60 వేలకు పైగా ఉన్నాయి. మీ కుటుంబం ఏ టౌన్‌ల్యాండ్‌లో ఉండేదో తెలిసిన రోజున, వేలమంది స్మిత్‌ల మధ్య మీ స్మిత్ ఎవరో తేలడం మొదలవుతుంది.