మణికట్టు గాయాలకు శస్త్రచికిత్స: కట్టు చాలని సందర్భాలు

1. ప్రస్తావన

విరిగిన ఎముకను సరిచేసి, కదలకుండా కట్టి ఉంచితే అది అతుక్కుంటుంది. తెలుగునాట ప్రసిద్ధమైన పుత్తూరు కట్టుకూ, ఆసుపత్రిలో వేసే పిండికట్టుకూ ఈ సూత్రమే ఆధారం. అయితే మణికట్టు విషయంలో ఈ సూత్రానికి కొన్ని పరిమితులున్నాయి. ముంజేతిలోని రేడియస్, అల్నా ఎముకల చివరలు, వాటికి ముందు రెండు వరుసల్లో అమరిన ఎనిమిది చిన్న ఎముకలు, వాటిని బంధించే లిగమెంట్లు కలిసి మణికట్టు ఏర్పడుతుంది. శస్త్రచికిత్స అవసరమా కాదా అన్నది వాపును బట్టి గాక, కీలు ఉపరితలం, రక్తప్రసరణ, లిగమెంట్లు అనే మూడింటి స్థితిని బట్టి నిర్ణయమవుతుంది.

2. రేడియస్ చివరి భాగం: కీలు ఉపరితలం

చేయి చాచి పడినప్పుడు తరచుగా విరిగేది రేడియస్ చివరి భాగం. డబ్లిన్ శస్త్రవైద్యుడు అబ్రహాం కాలిస్ 1814లో, అంటే ఎక్స్-కిరణాలను కనుగొనడానికి ఎనిమిది దశాబ్దాల ముందే, ఈ గాయాన్ని వర్ణించాడు. ముక్కలు స్థానం తప్పకపోతే సుమారు 6 వారాల పిండికట్టు సరిపోతుంది. స్థానం తప్పితే మత్తు ఇచ్చి, లాగి సరిచేస్తారు. అయినా నిలవకపోతే, లేదా కీలు ఉపరితలంలో 2 మిల్లీమీటర్లకు మించిన ఎగుడుదిగుడు మిగిలితే శస్త్రచికిత్సను పరిశీలిస్తారు. ఆ ఎగుడుదిగుడు మృదులాస్థిని అరగదీసే ప్రమాదం ఉంది.

చర్మం గుండా సన్నని లోహపు తీగలు గుచ్చడం ఒక పద్ధతి. అరచేతి వైపు నుంచి కోసి ప్లేటు, స్క్రూలు బిగించడం మరొకటి. బ్రిటన్‌లో 461 మందిపై జరిగి, 2014లో వెలువడిన అధ్యయనంలో ఏడాది తరువాత ఈ రెండింటి ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే కోయకుండా కీలు ఉపరితలాన్ని సరిచేయలేని గాయాలను ఆ అధ్యయనంలో చేర్చలేదు. అటువంటి వాటికి ప్లేటు అవసరం కావచ్చు.

3. స్కాఫాయిడ్: రక్తప్రసరణ

బొటనవేలి మొదట్లో ఉండే స్కాఫాయిడ్‌కు రక్తం ప్రధానంగా వేళ్ల వైపు నుంచి ప్రవేశించి, ముంజేతి వైపు ప్రవహిస్తుంది. అందువల్ల ఎముక విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం అందక అది నిర్జీవం కావచ్చు. తొలి ఎక్స్-రేలో పగులు కనిపించకపోవడమూ ఉంది. బొటనవేలి మొదట్లోని గుంటలో నొక్కితే నొప్పి ఉన్నట్లయితే కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల తరువాత మళ్లీ పరీక్షించాలి, లేదా ఎమ్మారై తీయాలి.

ఎముక నడుమ విరిగి, ముక్కల మధ్య ఎడం 2 మిల్లీమీటర్లకు మించకపోతే మొదట పిండికట్టు వేయడం సమంజసమని 439 మందిపై జరిగిన మరో బ్రిటిష్ అధ్యయనం 2020లో సూచించింది. ముక్కలు బాగా జరిగినా, ముంజేతి వైపు కొన విరిగినా తల లేని స్క్రూతో బిగిస్తారు. ఆస్ట్రేలియా వైద్యుడు టిమోతీ హెర్బర్ట్ పేరుతో ప్రసిద్ధమైన ఈ స్క్రూ ఎముకలోనే మునిగి ఉంటుంది గనుక కీలు కదలికకు అడ్డురాదు.

4. లూనేట్: లిగమెంట్లు

మోటారు వాహన ప్రమాదాల్లోనూ, ఎత్తు నుంచి పడినప్పుడూ లూనేట్ చుట్టూ ఉన్న లిగమెంట్లు తెగి కీలు తప్పవచ్చు. 1993లో ప్రచురితమైన 166 కేసుల పరిశీలనలో నాలుగోవంతు గాయాలను తొలుత గుర్తించలేదని తేలింది. ఎదురుగా తీసిన ఎక్స్-రేలో ఇది మరుగున పడవచ్చు. పక్కనుంచి తీసిన దానిలో లూనేట్ ఒరిగిన గిన్నెలా కనిపిస్తుంది. స్థానం తప్పిన ఎముక మీడియన్ నరాన్ని నొక్కితే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి. అందుకే కీలును వెంటనే సరిచేయాలి. తెగిన లిగమెంట్లు సరిగా అతకవు గనుక ఆపై కోసి, వాటిని కుట్టి, తీగలతో ఎముకలను కొన్ని వారాలపాటు నిలిపి ఉంచుతారు. చక్కగా చికిత్స జరిగినా కొంత బిగుతు మిగలడం సాధారణం.

5. ముగింపు

కట్టుకు శస్త్రచికిత్స ప్రత్యర్థి కాదు. స్థానం తప్పని ఎముకకు కట్టే ఉత్తమ చికిత్స కావచ్చు. తప్పిన లూనేట్‌నూ, రక్తం అందని స్కాఫాయిడ్ ముక్కనూ కట్టు మాత్రం బాగుచేయలేదు. ఈ తేడాను తేల్చేది రెండు కోణాల్లో తీసిన ఎక్స్-రే, నిశితమైన పరీక్ష. వాటికి ముందే బెణుకుగా భావించి కట్టు కట్టడం వల్ల విలువైన కాలం వృథా అవుతుంది. వారాలు గడిచిన తరువాత అదే గాయానికి చేసే శస్త్రచికిత్స మరింత కష్టం, ఫలితం మరింత పరిమితం.