ఒకే సూక్ష్మజీవికి ఒకే పేరు

1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో సరిగా ఉడకని హాంబర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు మరణించారు. కారణం ఇ.కోలై ఓ157:హెచ్7. రోగులలోనూ మాంసంలోనూ ఉన్నది ఒకే బాక్టీరియా అని డి.ఎన్.ఏ. ముక్కల చారలే తేల్చాయి. కాని ఒక రాష్ట్రపు లాబ్ చారలను మరొక రాష్ట్రపు లాబ్‌తో వెంటనే పోల్చే ఏర్పాటు అప్పటికి లేదు. ఆ లోటు తీర్చడానికి సి.డి.సి. 1996లో పల్స్‌నెట్‌ను నెలకొల్పింది.

ఉమ్మడి డేటాబేస్ అనగానే కంప్యూటర్లు గుర్తుకొస్తాయి. అసలు కష్టం పోలికలో ఉంది. జెల్ నడిచే వేగం కాస్త మారితే చారలు పక్కకు జరుగుతాయి. ఒకే జీవి రెండుగా కనిపిస్తుంది. అందువల్ల ప్రతి జెల్‌లోనూ సాల్మొనెల్లా బ్రేండెరప్‌కు చెందిన ఒకే ప్రమాణ జీవిని కొలబద్దగా నడిపేవారు. చారల తీరుకు పేరు పెట్టే అధికారం కేంద్రంలోని నిర్వాహకులదే. తలా ఒక పేరు పెట్టుకుంటే, రెండు రాష్ట్రాల్లో ఇద్దరేసి రోగులు విడివిడి సంఘటనలుగా మిగిలిపోతారు. ఒకే పేరు కింద చేరితేనే నలుగురూ గుంపుగా కంటబడతారు. తొందరపడి కలిపినా ప్రమాదమే: ఏ పాపమూ ఎరుగని రైతు పంట పారబోసుకోవాలి.

2019లో పల్స్‌నెట్ పూర్తి జన్యుక్రమ పద్ధతికి మారింది. చారల స్థానంలో ఒక్కొక్క జన్యువు రూపభేదానికి ఒక్కొక్క అంకె వచ్చింది. ఆ అంకెలనూ ఒకే చోట నుంచి ఇవ్వవలసిందే. పాత చారలను మాత్రం కొత్త అంకెలలోకి మార్చడం సాధ్యం కాదు. నిల్వ ఉన్న బాక్టీరియాను బయటికి తీసి మళ్ళీ చదవాలి. ఫ్రీజరులో పాత గొట్టాలను పారవేయని లాబ్‌లకే ఆ వీలుంది.