పాత కారుకి ఏ ఇంజిన్ ఆయిల్? డబ్బా మీది స్పెక్స్ చదవడం ఇలా

ఫోన్ కొనాలంటే ప్రాసెసర్ ఏంటి, బ్యాటరీ ఎంత, ఛార్జింగ్ ఎన్ని వాట్లు అని పది వీడియోలు చూస్తాం. అదే కారు ఆయిల్ మార్చాలంటే మాత్రం "ఏదో మంచిది పోయన్నా" అని మెకానిక్‌కి చెప్పి చాయ్ తాగడానికి పోతాం. కొత్త కారైతే వారంటీ, సర్వీస్ సెంటర్ చూసుకుంటాయి. పదిహేనేళ్లు దాటిన కారుకి ఆ సౌకర్యం లేదు. డబ్బా మీదున్న అక్షరాలు చదవడం మనకే రావాలి.

మా ఇంట్లో 2009 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది. ఓడోమీటర్ 1,40,000 కి.మీ. దాటింది. మాది శంషాబాద్ దాటాక బెంగళూరు హైవే మీదుండే పాల్మాకుల. వారంలో మూడు రోజులు నేను ఓఆర్‌ఆర్ ఎక్కి గచ్చిబౌలి ఆఫీసుకి పోతా, మిగతా రోజులు నాన్న శంషాబాద్ దాకా చిన్న చిన్న పనులకి తిప్పుతారు. 2024లో 15 ఏళ్లు నిండాక 5,000 రూపాయల ఫీజు కట్టి ఆర్‌సీ రెన్యువల్ చేయించాం. 2029 వరకు ఢోకా లేదు. కొత్త కారు ఈఎంఐ ఇప్పుడప్పుడే నెత్తిన పెట్టుకునే ఆలోచనా లేదు. అంటే ఈ ఇంజిన్ కనీసం అప్పటిదాకా నడవాలి.

చిక్కేంటంటే, సర్వీసుకీ సర్వీసుకీ మధ్య ఆయిల్ తగ్గిపోతోంది. అడిగితే ముగ్గురు మూడు మాటలు చెప్పారు. ఒక మెకానిక్ అన్న: "ఇంజిన్ ముసల్దైంది తమ్మీ, 20డబ్ల్యూ-50 పోయి, సప్పుడు గూడ తగ్గుతది." స్పేర్ పార్ట్స్ షాపాయన: "0డబ్ల్యూ-20 ఫుల్ సింథటిక్ వేయండి, మైలేజ్ పెరుగుతుంది." తెలిసినాయన ఒకరు: "అమ్మేయ్." ఈ మూడింట్లో ఏది కరెక్టో తేలాలంటే ముందు స్పెక్ షీట్ చూద్దాం.

ఆ రెండు నంబర్లు ఏంటి?

5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 లాంటివి ఎస్‌ఏఈ గ్రేడ్లు. డబ్ల్యూ అంటే వింటర్. మొదటి నంబర్ చలిలో ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పటి లెక్క. 5డబ్ల్యూకి ఆ పరీక్ష మైనస్ 30 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూకి మైనస్ 15 దగ్గర చేస్తారు. మన దగ్గర అంత చలి ఎప్పుడూ లేదు. అయినా ఈ నంబర్ తక్కువుంటే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ పై భాగాలకి కొంచెం ముందే చేరుతుంది.

రెండో నంబర్ అసలైనది. ఆయిల్ 100 డిగ్రీల వేడి మీద ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది. సెంటీస్టోక్స్‌లో చెప్పాలంటే 30 గ్రేడ్ 9.3 నుంచి 12.5 మధ్య, 40 గ్రేడ్ 12.5 నుంచి 16.3 మధ్య, 50 గ్రేడ్ 16.3 నుంచి 21.9 మధ్య ఉంటాయి. అంటే 30 నుంచి 50కి దూకితే చిక్కదనం సుమారు 1.75 రెట్లు అవుతుంది. బేరింగుల మధ్య సందుని ఒక లెక్కతో డిజైన్ చేస్తారు. ఆ లెక్కని దాటిపోతే ఇంజిన్ చప్పుడు తగ్గినట్టు అనిపించొచ్చు కానీ, ఆయిల్ పంపు మీద భారం పెరుగుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది.

"మే నెలలో 42 డిగ్రీల ఎండ కదా, చిక్కటిది వేయాలి" అనేవాళ్లు చాలామంది. థర్మోస్టాట్ కూలెంట్‌ని దాదాపు 90 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది. కాబట్టి బయట ఎండ పది డిగ్రీలు పెరిగినంత మాత్రాన లోపల ఆయిల్ అంతా పల్చబడిపోదు. ఎండకే భయపడి రెండు గ్రేడ్లు ఎక్కాల్సిన పని లేదు.

ఏపీఐ అక్షరాలు: ఇది సాఫ్ట్‌వేర్ వెర్షన్ లాంటిది

డబ్బా వెనక గుండ్రటి డోనట్ లాంటి గుర్తులో ఎస్‌ఎల్, ఎస్‌ఎన్, ఎస్‌పీ అని ఉంటాయి. ఎస్‌తో మొదలైతే పెట్రోల్, సీతో మొదలైతే డీజిల్. పెట్రోల్‌లో ఎస్‌ఎల్ 2001లో, ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. కొత్తది పాతదాని పని కూడా చేస్తుంది. మాన్యువల్‌లో ఎస్‌ఎల్ అనుంటే ఎస్‌పీ నిశ్చింతగా వేయొచ్చు.

ఒక్క మినహాయింపు ఉంది. అంబాసిడర్, పద్మిని తరం కార్లు. వాటి క్యామ్ మీద రాపిడి ఎక్కువ, జింక్–ఫాస్ఫరస్ కలిపిన యాడిటివ్ దండిగా కావాలి. కొత్త ఏపీఐ తరగతుల్లో 30, అంతకంటే పల్చటి గ్రేడ్లకి కేటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా ఫాస్ఫరస్ మీద పరిమితి పెట్టారు. ఆ తరం కార్లకి మాన్యువల్ ఒప్పుకునే 40 లేదా 50 గ్రేడే నయం.

సింథటిక్ తప్పనిసరా?

కాదు. సింథటిక్ అనేది గ్రేడ్ కాదు, బేస్ ఆయిల్ రకం. వేడికి తొందరగా చెడిపోదు, మడ్డి తక్కువ కడుతుంది. పాత ఇంజిన్‌కి పోయకూడదనేది కూడా అపోహే. కాకపోతే, ఎప్పట్నుంచో పేరుకున్న మడ్డి కొన్నిచోట్ల లీకుల్ని మూసి ఉంచుతుంది. సింథటిక్ దాన్ని నెమ్మదిగా కడిగితే అరిగిపోయిన సీల్ బయటపడుతుంది. పోసిన కొత్తలో కారు కింద ఓ కన్నేసి ఉంచండి.

ఆయిల్ కొనేముందు కొలవండి

దీనికి బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ అక్కర్లేదు. చాలా పాత కార్లలో అది ఆయిల్ లెవెల్ చూపించదు కూడా. డ్యాష్‌బోర్డ్‌లో ఎర్ర ఆయిల్ లైటు చెప్పేది ప్రెషర్ గురించి. అది వెలిగేసరికి ఆలస్యం అయిపోతుంది. డిప్‌స్టిక్కే మనకున్న అసలు సెన్సర్.

- కారు చదును నేల మీద ఆపి, ఇంజిన్ ఆపాక పది నిమిషాలు ఆగి చూడండి.
- చాలా కార్లలో కింది గీతకీ పై గీతకీ తేడా ఒక లీటరు అటూ ఇటూ ఉంటుంది.
- 1,000 కి.మీ.కి ఎంత పోస్తున్నారో ఫోన్ నోట్స్‌లో రాయండి.
- పొగ చూడండి. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వస్తే వాల్వ్ సీల్స్, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు అనుమానించాలి.
- పీసీవీ వాల్వ్ మూసుకుపోయినా ఆయిల్ తాగుతుంది. చిన్న పార్టే, ముందు అదే చెక్ చేయించండి.

మా కారుకి ఏం తేలింది?

5డబ్ల్యూ-30 మీద మా లెక్క 1,000 కి.మీ.కి సుమారు 400 మి.లీ. లీకు లేదు. పొద్దున మాత్రం సన్నగా నీలం పొగ. మాన్యువల్‌లో బయటి ఉష్ణోగ్రతని బట్టి ఏ గ్రేడ్లు వాడొచ్చో పట్టీ ఉంది. మన వాతావరణానికి అందులో 15డబ్ల్యూ-40 కూడా సరిపోతుంది. అంటే మెకానిక్ అన్న మాటలో సగం నిజం ఉంది: ఒక మెట్టు చిక్కటిది పనికొస్తుంది, రెండు మెట్లు అక్కర్లేదు. షాపాయన చెప్పిన 0డబ్ల్యూ-20 ఆ పట్టీలోనే లేదు. అది ఆ గ్రేడ్‌కే డిజైన్ చేసిన కొత్త ఇంజిన్ల కోసం.

ఏపీఐ ఎస్‌ఎన్ ఉన్న 15డబ్ల్యూ-40 పోసి, పీసీవీ వాల్వ్ కూడా మార్చాం. తర్వాతి 3,000 కి.మీ.లో సగటున 250 మి.లీ.కి దిగింది. ఇందులో ఆయిల్ వాటా ఎంత, వాల్వ్ వాటా ఎంత అని విడదీసి చెప్పలేను. పొగ పూర్తిగా పోలేదు. వాల్వ్ సీల్స్ అరిగితే ఏ ఆయిలూ వాటిని బాగుచేయదు. కానీ ఇంజిన్ పనికి ఎప్పుడు డబ్బు తీయాలో ఇప్పుడు నోట్స్‌లోని అంకె చెప్తుంది. 500 దాటితే సీల్స్ మార్పిద్దామని నాన్నా నేనూ అనుకున్నాం. "అమ్మేయ్" అనే మాట పక్కకి పోయింది.

ఇంకోటి, నాన్న తిప్పే చిన్న ట్రిప్పుల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. తేమ, పెట్రోల్ ఆవిరి ఆయిల్‌లోనే ఉండిపోతాయి. అందుకే కిలోమీటర్లు తక్కువే తిరిగినా ఏడాదికోసారి ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చాలి.

కొనేటప్పుడు

నకిలీ ఆయిల్ మార్కెట్లో ఉంది. మూత సీల్, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ చూడండి. బిల్లు అడగండి. ఎమ్మార్పీ మీద సగం ధరకి ఇస్తానంటే వద్దనండి. డబ్బా మీ కళ్ల ముందే తెరిపించండి. ఖాళీ డబ్బాకి చిల్లు పెట్టి పడేస్తే దాన్ని మళ్లీ నింపి ఇంకొకరికి అమ్మలేరు.

ఫైనల్‌గా, వరుస ఇదీ: మొదట మాన్యువల్‌లో గ్రేడ్, తర్వాత ఏపీఐ అక్షరాలు, తర్వాత డిప్‌స్టిక్ లెక్క. బ్రాండ్, సింథటిక్, ధర ఆ తర్వాతే. మాన్యువల్ పోయుంటే కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్, సంవత్సరం పెట్టి వెతకండి. మీ కారు 1,000 కి.మీ.కి ఎంత ఆయిల్ తాగుతోందో ఈ నెలలోనే కొలవడం మొదలుపెట్టండి.