వెల్డుకు పరీక్ష ఎప్పుడు? కొలిమికి ముందా, తర్వాతా?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో తఖత్‌పూర్ ఒక చిన్న పట్టణం. అదే జిల్లాలోని సీపత్ వద్ద ఎన్‌టీపీసీ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అందులో 660 మెగావాట్ల యూనిట్లు మూడు, 500 మెగావాట్ల యూనిట్లు రెండు, మొత్తం 2,980 మెగావాట్లు. 660 మెగావాట్ల యూనిట్లు సూపర్‌క్రిటికల్ రకానివి. వాటి బాయిలర్లలో నీరు 221 బార్ల కన్నా ఎక్కువ పీడనంలో ఆవిరిగా మారుతుంది. ఇది మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 200 రెట్ల పైమాటే.

ఇంతటి పీడనాన్ని మోసే గొట్టాలను, డ్రమ్ములను, పాత్రలను వెల్డింగుతోనే అతుకుతారు. అతుకులో పగులు ఉంటే ప్రాణాలకే ముప్పు. అందుకే ప్రతి ముఖ్యమైన వెల్డునూ రేడియోగ్రఫీతోనో, అల్ట్రాసోనిక్ తరంగాలతోనో పరీక్షిస్తారు. చాలా వెల్డులను కొలిమిలో వేడి కూడా చేస్తారు. ఈ రెండింటిలో ఏది ముందు జరగాలి అన్నది తయారీ కేంద్రాల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న.

వేడి చేయడం ఎందుకు?

వెల్డింగులో కరిగిన లోహం చల్లారుతూ కుంచించుకుపోతుంది. చుట్టూ ఉన్న చల్లని ఉక్కు దాన్ని కదలనివ్వదు. దాంతో అతుకు దగ్గర బిగువు శాశ్వతంగా నిలిచిపోతుంది. వెల్డును ఆనుకుని ఉన్న సన్నని పట్టీ త్వరగా చల్లారి గట్టిపడి, పెళుసుగా మారుతుంది.

దీనికి విరుగుడు హీట్ ట్రీట్‌మెంట్. సాధారణ కార్బన్ ఉక్కును సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేసి, ప్రతి 25 మిల్లీమీటర్ల మందానికి దాదాపు గంట చొప్పున ఆ వేడిలో ఉంచి, నెమ్మదిగా చల్లారుస్తారు. అప్పుడు బిగువు సడలుతుంది, పెళుసుదనం తగ్గుతుంది.

ముందే పరీక్షిస్తే లాభం

వెల్డులో స్లాగు చిక్కుకోవడం, గాలి బుడగలు మిగలడం, లోహం సరిగా కలవకపోవడం వంటి లోపాలు వెల్డింగు సమయంలోనే ఏర్పడతాయి. కొలిమికి పంపకముందే వీటిని పట్టుకుంటే చెక్కి, మళ్లీ వెల్డు చేసి, అంతా కలిపి ఒకేసారి వేడి చేయవచ్చు. కొలిమి నుంచి వచ్చాక లోపం బయటపడితే సాధారణంగా మరమ్మతు తర్వాత ఇంకోసారి వేడి చేయాలి. ఖర్చు, సమయం పెరగడమే కాదు, ఎక్కువసార్లు వేడి చేస్తే ఉక్కు బలం కొంత తగ్గవచ్చు. అందుకే మందమైన పాత్రల తయారీలో మరమ్మతులకు పట్టే అదనపు వేడిని కూడా లెక్కలోకి తీసుకుని, నమూనా పలకలను ముందుగానే అన్నిసార్లు వేడి చేసి బలం పరీక్షిస్తారు.

అయితే ముందు పరీక్షలోనూ తొందర పనికిరాదు. తేమ పట్టిన ఎలక్ట్రోడ్ల నుంచి హైడ్రోజన్ లోహంలోకి చేరుతుంది. దానివల్ల వచ్చే పగుళ్లు వెంటనే కనిపించవు, గంటల తర్వాత, ఒక్కోసారి రోజు దాటాక తెరుచుకుంటాయి. అధిక బలం గల కొన్ని ఉక్కులకు వెల్డింగు ముగిశాక 48 గంటలు ఆగి పరీక్షించాలనే నియమం ఇందుకే వచ్చింది.

కొలిమిలో పుట్టే పగుళ్లు

క్రోమియం, మాలిబ్డినం, వెనేడియం కలిసిన కొన్ని ఉక్కులకు మరో గండం ఉంది. బిగువు సడలేటప్పుడు లోహపు రేణువుల మధ్య సన్నని పగుళ్లు రావచ్చు. అవి హీట్ ట్రీట్‌మెంట్‌లోనే పుడతాయి. కాబట్టి అంతకుముందు తీసిన రేడియోగ్రఫీ ఫిల్ము ఎంత శుభ్రంగా ఉన్నా వాటి గురించి ఏమీ చెప్పలేదు.

ఆధునిక బాయిలర్లలో వాడే 91 గ్రేడ్ ఉక్కుది ఇంకో సమస్య. వెల్డింగు తర్వాత అది చాలా గట్టిగా, పెళుసుగా ఉంటుంది. దాన్ని మొదట 100 డిగ్రీల లోపుకు చల్లార్చి, ఆ తర్వాత సుమారు 750 డిగ్రీలకు వేడి చేస్తారు. పరీక్ష కోసమని మధ్యలో తేమ తగిలేలా రోజుల తరబడి వదిలేస్తే పగుళ్లు రావచ్చు. అందువల్ల ఈ ఉక్కుకు అసలైన తనిఖీ హీట్ ట్రీట్‌మెంట్ తర్వాతే. గట్టిదనం కొలతను కూడా అప్పుడే తీసుకుంటారు.

1965 చెప్పిన పాఠం

1965 డిసెంబరులో ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్‌లో అమ్మోనియా తయారీకి చేసిన ఒక భారీ పాత్ర నీటి పీడన పరీక్షలో ముక్కలైంది. సుమారు 2 టన్నుల ముక్క 46 మీటర్ల దూరం ఎగిరిపడింది. ఆ పాత్ర గోడ మందం 149 మిల్లీమీటర్లు. తయారీలో తనిఖీలు జరిగినా, వెల్డు పక్కనున్న చిన్న పగుళ్లు ఎవరి కంటా పడలేదు. పాత్రలో ఒక భాగానికి నిర్దేశించిన వేడి అందలేదని దర్యాప్తులో తేలింది. అందువల్ల వెల్డు పెళుసుగానే మిగిలి, చిన్న పగులు కూడా ఆగకుండా సాగిపోయింది. కొలిమిలోకి వెళ్లివచ్చినంత మాత్రాన వేడి సరిగా అందినట్లు కాదు. ఉష్ణోగ్రత చార్టును, గట్టిదనాన్ని కూడా సరిచూడాలి.

నియమాలు ఏం చెబుతాయి?

అమెరికా ఏఎస్ఎంఈ కోడ్‌లో అణు పరికరాల విభాగం సాధారణ కార్బన్ ఉక్కు వెల్డులకు రేడియోగ్రఫీని హీట్ ట్రీట్‌మెంట్‌కు ముందు తీయడానికి అనుమతిస్తుంది. చాలా మిశ్రమ ఉక్కులకు తర్వాతే తీయాలంటుంది. సాధారణ పీడన పాత్రలకు నీటి పీడన పరీక్ష మాత్రం హీట్ ట్రీట్‌మెంట్ ముగిశాకే చేయాలి. మన దేశంలో బాయిలర్ల భద్రత 1923 నాటి చట్టంతో మొదలై, 1950 నాటి భారత బాయిలర్ నిబంధనలతో రూపు దిద్దుకుంది. 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది.

1966లో విశాఖపట్నంలో ఏర్పడి, ఇప్పుడు బీహెచ్ఈఎల్‌లో భాగమైన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్ తెలుగు నేలపై ఈ రంగానికి పేరుపొందిన సంస్థ. ఇలాంటి కర్మాగారాల్లో వెల్డింగు మొదలుకాకముందే తనిఖీల వరుసను కాగితంపై రాసుకుంటారు. మందమైన మిశ్రమ ఉక్కు పాత్రలకు పరీక్షను రెండుసార్లు పెట్టడం మేలు. మొదటిది మరమ్మతు సులువుగా ఉన్నప్పుడే లోపం పట్టుకోవడానికి, రెండోది కొలిమి దాటిన వెల్డు ఎలా ఉందో తెలుసుకోవడానికి. ఏ పరీక్ష అయినా తాను జరిగిన క్షణం వరకే సాక్ష్యం చెబుతుంది. ఆవిరి పీడనాన్ని మోసేది మాత్రం కొలిమి దాటి వచ్చిన వెల్డే కాబట్టి, చివరి మాట రెండో పరీక్షదే కావాలి.