తప్పని తేలే వీలుండాలి



పచ్చకామెర్లకు పసరు పోయించడం మనకు తెలిసినదే. జబ్బు తగ్గితే "చూశారా, పసరు మహిమ!" అంటారు. తగ్గకపోతే "పథ్యం తప్పి ఉంటారు" అంటారు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. పసరు పనిచేయలేదని ఒప్పుకునే సందర్భం ఒక్కటైనా మిగిలిందా? ఏం జరిగినా గెలుపు పసరుదే!

ఇలా ఎన్నడూ ఓడిపోని మాటనే అనుమానించమన్నారు కార్ల్ పాపర్ అనే తత్త్వవేత్త. 1902లో వియన్నాలో పుట్టిన ఈయన, 1934లో ఈ విషయం మీద జర్మన్ భాషలో గ్రంథం వెలువరించారు. ఏదైనా సిద్ధాంతం శాస్త్రమనిపించుకోవాలంటే, "ఫలానాది జరిగితే నేను తప్పు" అని ముందుగానే చెప్పగలగాలి. ఇదీ ఆయన వాదం.

ఐన్‌స్టీన్ సంగతే చూడండి. నక్షత్రపు వెలుగు సూర్యుడి పక్కగా వచ్చేటప్పుడు కాస్త వంగుతుందని ఆయన లెక్కకట్టారు. ఎంత? కోణంలో చెబితే సుమారు 1.75 సెకన్లు. ఇక్కడ సెకనంటే డిగ్రీలో 3600వ వంతు. న్యూటన్ లెక్కనైతే అందులో సగమే. పట్టపగలు నక్షత్రాలు కనబడవు గదా! అందుకని సంపూర్ణ సూర్యగ్రహణం దాకా ఆగారు. 1919 మే 29న ఎడింగ్టన్ ఆఫ్రికా పక్కనున్న ప్రిన్సిపే దీవిలోనూ, మరో బృందం బ్రెజిల్‌లోని సోబ్రాల్‌లోనూ ఫోటోలు తీశారు. నక్షత్రాలు మామూలు చోటునుంచి ఏమాత్రం జరిగినట్టు కనబడకపోతే సిద్ధాంతం కూలినట్టే. పథ్యం మీదికి నెట్టే వీలు లేదు! కొలతలు ఐన్‌స్టీన్ లెక్కకే దగ్గరగా వచ్చాయి. అంతమాత్రాన అది శాశ్వత సత్యమని ముద్రపడలేదు. ఆ పరీక్షకు నిలిచింది, అంతే.

"ఇదంతా మనకెందుకమ్మా?" అంటారేమో. హెపటైటిస్ ఏ వైరస్‌తో వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. పైత్యనాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు వేరు. అక్కడ ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. పసరును నిజంగా పరీక్షించాలంటే, ఒకే రకం కామెర్లవారిలో కొందరికి పోసి, కొందరికి పోయక, తేడా చూడాలి. తేడా లేకపోతే పనిచేయదని ఒప్పుకోవాలి.

కాబట్టి టానిక్కో, తాయెత్తో ఎవరైనా అమ్మవస్తే ఒక్క ప్రశ్న వేయండి: "ఎన్నాళ్లలో ఏ గుణం కనిపించకపోతే ఇది పనిచేయలేదని మీరు ఒప్పుకుంటారు?" జవాబు రాకపోతే పర్సు తెరవకండి. ఇంట్లో జబ్బుమనిషి ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.