ఆరొందల స్టవ్వు... అమ్మ చెప్పని కథ

ఆ ఆదివారం ఎర్రగడ్డ సంతకి వెళ్లింది పాత కీబోర్డు కోసం. తెచ్చుకుంది మాత్రం తుప్పు పట్టిన రేకు డబ్బా! మూత తీస్తే నల్లబడ్డ ఇత్తడి ట్యాంకు, ఊడదీసిన మూడు కాళ్లు, ఓ బర్నర్. 'ఏదో దీపం సార్' అన్నాడు అమ్మేవాడు. బొటనవేలితో రుద్దితే 'ప్రైమస్', 'స్వీడన్' అనే అక్షరాలు బయటపడ్డాయి. ఆరొందలకి బేరం కుదిరింది.

ఇంట్లో టేబుల్ మీద పెట్టగానే అమ్మ మొహం మారిపోయింది. 'పంపు స్టవ్వా? ముందు బయట పెట్టరా దాన్ని' అంది. ఎందుకో చెప్పలేదు.

అది ప్రైమస్ 96. టెంట్లలో వండుకునేవాళ్ల కోసం చేసిన బుల్లి స్టవ్. మన అమ్మమ్మల వంటింటి పంపు స్టవ్‌కి తమ్ముడన్నమాట. మనం కిరసనాయిలు అనేదే బ్రిటన్‌లో పారఫిన్. ఈ రకం స్టవ్‌ని 1892లో స్టాక్‌హోంలో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ తయారుచేశాడు. 1911లో దక్షిణ ధ్రువానికి చేరిన అమండ్సెన్ బృందం ప్రైమస్ స్టవ్‌ల మీదే మంచు కరిగించుకుంది.

దీనికి ఒత్తి ఉండదు. పంపు కొడితే ట్యాంకులోని గాలి కిరోసిన్‌ని పైకి తోస్తుంది. వేడెక్కిన బర్నర్ గొట్టాల్లో అది ఆవిరై, సన్నటి రంధ్రంలోంచి చిమ్మి, గాలితో కలిసి నీలి మంటగా మండుతుంది. బర్నర్ సరిగ్గా వేడెక్కకపోతే ఆవిరికి బదులు నూనే పైకొస్తుంది. పసుప్పచ్చ మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. ప్రమాదం అక్కడే.

ఇక డీబగ్గింగ్ మొదలైంది. ట్యాంకుని చింతపండుతో తోమా. రెండో రోజుకి బంగారంలా మెరిసింది. పంపు లోపలి తోలు వాషరు ఎండి అప్పడంలా విరిగిపోయింది. వీధి చివర సైకిల్ షాపు పెద్దాయన తోలుముక్క కోసి, నూనెలో నానబెట్టి అమర్చిపెట్టాడు. డబ్బులిస్తే 'ఇలాంటివి ఎన్ని బాగుచేశానో' అని నవ్వి, టీకి మాత్రం తీసుకున్నాడు.

అయినా పంపు కొట్టి వదిలితే కడ్డీ దానంతటదే పైకి లేస్తోంది! పంపు గొట్టం అడుగున చిన్న వాల్వు ఉంటుంది. గాలిని లోపలికి వెళ్లనిస్తుంది, వెనక్కి రానివ్వదు. దాని రబ్బరు బిళ్ల రాయైపోయింది. వాల్వు విప్పే పానా దొరక్కపోతే లేత్ షాపులో చేయించా. కిరోసిన్‌కి కరగని రబ్బరు ముక్క వేశా. బర్నర్ తీసేసి, ట్యాంకుకి మూత బిగించి, గాలి కొట్టి, సైకిల్ ట్యూబుకి పంచరు చూసినట్టు బకెట్ నీళ్లలో ముంచా. ఒక్క బుడగ రాలేదు.

వెలిగించే రోజు అమ్మ డాబా మీదకి వచ్చింది. పక్కన ఇసుక బకెట్ పెట్టుకున్నా. అప్పుడు నోరు విప్పింది.

'నా పెళ్లయిన కొత్తలో పక్కింటి కోడలు కాలిపోయింది. స్టవ్ పేలిందన్నారు. పేపర్లో కూడా అదే వేశారు. నేను వెళ్లి చూశానురా. ఆ స్టవ్వు చెక్కుచెదరకుండా గట్టు మీదే ఉంది.'

ఏం మాట్లాడాలో తెలియలేదు. నిజంగా స్టవ్‌ల వల్ల జరిగిన ప్రమాదాలూ ఉన్నాయి, స్టవ్ పేరు చెప్పి దాచేసిన దారుణాలూ ఉన్నాయి. ఇన్నేళ్లూ అమ్మకి భయం స్టవ్‌ని చూసి కాదు. ఆ రోజు తను నోరు విప్పలేదని.

'పోలీసులకి చెప్పలేదా?' అన్నా.

'పందొమ్మిదేళ్లు నాకు. ఎవరు అడిగారు?'

కాసేపటికి తనే అగ్గిపెట్టె అందుకుంది. బర్నర్ కింది గిన్నెలో స్పిరిట్ పోసి ముట్టించింది. అది ఆరబోతుండగా గాలి మర బిగించి, నాలుగు సార్లు పంపు కొట్టింది. బుస్సున నీలి మంట! ముప్ఫై ఏళ్లయినా చెయ్యి మర్చిపోలేదు. దాని మీదే టీ పెట్టింది.

మీకూ ఇలాంటిది దొరికితే గుర్తుంచుకోండి. ట్యాంకు ముప్పాతిక మించి నింపొద్దు. పెట్రోలు, థిన్నరు అస్సలు పోయొద్దు. గది లోపల వెలిగించొద్దు. మంట ఎగిస్తే గాలి మర విప్పేయండి, ఒత్తిడి పోయి ఆరిపోతుంది.

ఇంకొకటి. ఇంట్లో పెద్దవాళ్లు పాత వస్తువుని చూసి మొహం తిప్పుకుంటే, ఎందుకని ఒక్కసారి అడగండి.