కఠినం వేరు, నిర్దాక్షిణ్యం వేరు

గుడిసెలు కూల్చినా, రోడ్డు వెడల్పు కోసం చెట్లు నరికినా, ముసలి తల్లిని కొడుకులు ఇంట్లోంచి గెంటేసినా తెలుగు పత్రికలకు వెంటనే తట్టే మాట ‘నిర్దాక్షిణ్యంగా’. నోటి మాటగా ఇంత బరువైన పదం పెద్దగా ఎవరూ వాడరు. జాలీ దయా లేకుండా అనో, కనికరం లేకుండా అనో అంటారు. అచ్చులో మాత్రం దీనిదే రాజ్యం.

దాక్షిణ్యం అంటే ఎదుటివాళ్ల ఇబ్బంది చూసి కాస్త మెత్తబడటం. అలంకార శాస్త్రంలో ‘దక్షిణ నాయకుడు’ అని ఒకడున్నాడు. పలువురు నాయికలున్నా ఎవరి మనసూ నొప్పించకుండా నెగ్గుకొచ్చే ఘటికుడు! ఆ మెత్తదనం లేకపోవడమే నిర్దాక్షిణ్యం. దానికి కోపం, పగ అక్కర్లేదు. ఎదుటి మనిషి గోడు పట్టించుకోకపోతే చాలు.

కఠినానికీ నిర్దాక్షిణ్యానికీ ఉన్న తేడా ఒక కోర్టు తీర్పులో కనిపిస్తుంది. 1981 జులైలో బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతుకుతున్నవాళ్లను ఖాళీ చేయించి సొంత ఊళ్లకు పంపేస్తామని అప్పటి మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే ప్రకటించారు. బయట జోరు వానలు. పాత్రికేయురాలు ఓల్గా టెల్లిస్ సుప్రీంకోర్టుకెళ్లారు. 1985లో ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, జీవించే హక్కులో జీవనోపాధి కూడా భాగమేనని చెప్పింది. ఫుట్‌పాత్ ఆక్రమించే హక్కు మాత్రం ఎవరికీ లేదంది. అయినా ఆ ఏటి వానాకాలం వెళ్లి నెల గడిచేవరకు, అంటే అక్టోబరు 31 దాకా, గుడిసెల జోలికి పోవద్దని ఆదేశించింది. తీర్పు పేదలకు కఠినమే. ఆ గడువే అందులోని దాక్షిణ్యం.

నిర్దాక్షిణ్యానికి దగ్గరి మాటలు కొన్ని అంత నిర్దోషమైనవి కావు. ‘కిరాతకం’ అడవుల్లో వేటాడి బతికిన కిరాతుల పేరు మీద పుట్టింది. అర్జునుడితో తలపడటానికి శివుడు వేసుకున్న వేషం కిరాతుడిదే. శ్రీకాళహస్తిలో తన కన్ను పెకలించి దేవుడికిచ్చిన కన్నప్ప కూడా వేటగాడే. ఆ జాతి పేరును హత్యావార్తల శీర్షికలకు అంటగట్టడం అన్యాయం. ‘కసాయి’ సంగతీ అంతే. ఒక వృత్తి పేరును తిట్టుగా మార్చేశారు.

నిర్దాక్షిణ్యం ఎవరినీ అలా కించపరచదు. పైగా మెచ్చుకోలుగానూ పనికొస్తుంది. సంపాదకుడు పేజీలకు పేజీలు నిర్దాక్షిణ్యంగా కొట్టేశాడంటే కథ బాగుపడిందనే అర్థం. ఎండిన గులాబీ కొమ్మల్ని నిర్దాక్షిణ్యంగా కత్తిరించమని తోటమాలి చెబుతాడు. క్రూరంగా కత్తిరించమని మాత్రం అనడు.